షుగరున్న అందరికీ కిడ్నీలు ఎందుకు పాడవవు?

షుగరు వచ్చినవాళ్ళలో ముప్పై నుంచి నలభై శాతం మందికి ఎప్పటికో ఒకప్పటికి కిడ్నీ జబ్బు వస్తుందని వైద్య గ్రంథాలు రాస్తాయి. మిగతా అరవై డెబ్భై శాతం మంది ఎలా తప్పించుకుంటున్నారో మాత్రం ఏ గ్రంథమూ తేల్చి చెప్పదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్ల మంది. అందులో మూడోవంతు అనుకున్నా 2011 జనాభా లెక్కల నాటి తెలంగాణ జనాభాకు దగ్గరగా వస్తుంది.

కారణాల జాబితాకు కొదవ లేదు. ఏ ఆసుపత్రి గోడ చూసినా కనిపిస్తుంది: అదుపు తప్పిన షుగరు, బీపీ, పొగ, ఊబకాయం, కొలెస్టరాల్, వంశం, వయసు. జాబితా తప్పని కాదు. అందులో ఉన్నవన్నీ ఒకే జాతివి కావు, అదీ చిక్కు. కొన్ని జబ్బును తెచ్చేవి. కొన్ని వచ్చిన జబ్బును పరుగెత్తించేవి. ఇంకొన్ని జబ్బు వెంట నడిచే నీడలు. నీడను చెరిపేసినా దొంగ దొరకడు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టినందువల్లే వాదం ఇంతగా చిక్కుపడింది.

శవపరీక్ష బల్ల నుంచి మూత్రపు సీసా దాకా

1936లో బోస్టన్‌లో పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ ఎనిమిది మంది మృతుల కిడ్నీలను సూక్ష్మదర్శిని కింద చూసి ఒక వ్యాసం ప్రచురించారు. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత ముడులుంటాయి. ఒక్కోటీ సన్నని రక్తనాళాల చిన్న ఉండ. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడగడతాయి. ఆ ఉండల్లో గుండ్రటి గట్టి ముద్దలు పేరుకుని ఉండటం వాళ్ళిద్దరూ గమనించారు. ఆ ఎనిమిది మందిలో ఎక్కువమందికి షుగరు ఉంది. బీపీ, ఒళ్ళు వాపు, మూత్రంలో ప్రోటీను కూడా ఉన్నాయి. అంటే తొలి వ్యాసంలోనే చిక్కుముడి కూడా పడింది. కిడ్నీని చెడగొట్టింది షుగరా, బీపీయా? బీపీ కిడ్నీని చెడగొట్టిందా, చెడిన కిడ్నీ బీపీని పెంచిందా?

చచ్చాక తెలిస్తే ఏం లాభం? బతికుండగా, ముందుగా పసిగట్టే దారిని లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో హ్యారీ కీన్ బృందం 1960లలో తెరిచింది. మామూలు పరీక్షకు అందనంత కొద్దిపాటి అల్బుమిన్ అనే ప్రోటీనును మూత్రంలో కొలిచే పద్ధతి అప్పుడే వచ్చింది. 1980ల మొదట్లో అదే ఆసుపత్రికి చెందిన వైబర్టి, డెన్మార్క్‌లో మోగెన్సెన్ ఈ కొద్దిపాటి కారుడును చూసి రాబోయే జబ్బును అంచనా కట్టవచ్చని చూపించారు. దానితో ఒక చక్కటి మెట్ల వరస తయారైంది. మొదట కిడ్నీ అతిగా వడగడుతుంది, తర్వాత అల్బుమిన్ బొట్లు బొట్లుగా కారుతుంది, తర్వాత ధారగా పోతుంది, చివరికి వడపోత ఆగిపోతుంది. దశాబ్దాల పాటు విద్యార్థులు ఈ మెట్లనే వల్లెవేశారు.

మెట్లు పగిలిన సంగతి 2000 తర్వాత బయటపడింది. 2003లో బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రం టైప్ 1 షుగరున్నవాళ్ళను ఆరేళ్ళు వెంబడించి చూస్తే, కొద్దిగా అల్బుమిన్ పోతున్నవాళ్ళలో 58 శాతం మందికి అది దానంతట తగ్గుముఖం పట్టింది. మెట్లెక్కడమే తప్ప దిగడం లేదనుకున్న చోట సగానికి పైగా దిగివచ్చారు. 2006లో బ్రిటన్ నుంచి వచ్చిన లెక్క ఇంకా ఇబ్బందికరం. యూకేపీడీఎస్ అనే పెద్ద పరిశోధనలో నాలుగు వేల మంది టైప్ 2 రోగులను సుమారు పదిహేనేళ్ళు గమనించారు. 38 శాతం మందికి అల్బుమిన్ పోవడం మొదలైంది, 28 శాతం మందికి వడపోత తగ్గింది. వడపోత తగ్గినవాళ్ళలో 51 శాతం మందికి అంతకుముందు మూత్రంలో అల్బుమినే కనపడలేదు.

యూకేపీడీఎస్ వ్యాసంలో అందరూ ఎత్తి చూపే అంకె ఆ 51. దాని పక్కనే ఉన్న మరో పట్టిక అంతకంటే విలువైనదే అయినా పెద్దగా చర్చకు రాలేదు. అల్బుమిన్ కారడానికి తోడ్పడిన అంశాలు ఒక వరస: మగవాళ్ళు కావడం, నడుము చుట్టుకొలత ఎక్కువ ఉండటం, ట్రైగ్లిజరైడ్లు, చెడు కొలెస్టరాల్, మూడు నెలల సగటు షుగరు, పొగ. వడపోత తగ్గడానికి తోడ్పడినవి మరో వరస: ఆడవాళ్ళు కావడం, వయసు, సన్నని నడుము, కాళ్ళ తిమ్మిర్లకు దారితీసే నరాల దెబ్బ. రెండు వరసలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. రెంటికీ ఉమ్మడిగా మిగిలినవి నాలుగే: పైబీపీ ఎక్కువ ఉండటం, మొదటి పరీక్షలో అల్బుమిన్ ఎంత, క్రియాటినిన్ ఎంత, భారత ఉపఖండ మూలాలు. ఒకే జబ్బు అనుకున్నది నిజానికి రెండు జబ్బులేమోనన్న అనుమానం అక్కడ బలపడింది. ఇవాళ చాలామంది నిపుణులు ‘షుగరు వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు’ అనడానికి తటపటాయించి, ‘షుగరున్న మనిషికి వచ్చిన కిడ్నీ జబ్బు’ అంటున్నది ఊరికే కాదు.

షుగరు వాదం: దించాలి సరే, ఎంత?

షుగరే మూలమనే పక్షానికి గట్టి సాక్ష్యం 1993లో దొరికింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగులపై జరిగిన డీసీసీటీ అనే ప్రయోగం అది. షుగరును కట్టుదిట్టంగా అదుపు చేసినవాళ్ళలో కొద్దిపాటి అల్బుమిన్ పోవడం 39 శాతం, ఎక్కువగా పోవడం 54 శాతం తగ్గాయి. ప్రయోగం ముగిశాక రెండు జట్ల షుగరూ దాదాపు ఒకే స్థాయికి వచ్చేసింది. అయినా 2011లో చూస్తే, మొదట్లో కట్టుదిట్టంగా ఉన్న జట్టులో వడపోత దెబ్బతిన్నవాళ్ళు సగమే. తొలి ఏళ్ళ షుగరును ఒంట్లోని కణాలు గుర్తుంచుకుంటాయన్న ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. ‘ఇప్పుడు కంట్రోల్లోనే ఉంది కదా’ అనే మాట కిడ్నీ దగ్గర ఎందుకు చెల్లదో దీన్నిబట్టి తెలుస్తుంది. అది పాత బాకీలు కూడా లెక్కలో వేసుకుంటుంది.

టైప్ 2లో కథ ఇంత సాఫీగా లేదు. 1998లో యూకేపీడీఎస్ చిన్న రక్తనాళాల జబ్బులు 25 శాతం తగ్గాయని చెప్పింది. 2008లో అడ్వాన్స్ అనే ప్రయోగం 11,140 మందిలో మూడు నెలల సగటును 6.5కు దించి, కిడ్నీ జబ్బు 21 శాతం తగ్గిందంది. ఆ తగ్గింపులో ఎక్కువ భాగం అల్బుమిన్ లెక్కే. అదే ఏడాది అమెరికాలో అకార్డ్ ప్రయోగం ఇంకా కిందికి దించబోయి, ఆ జట్టులో మరణాలు పెరగడంతో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఇవాళ అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు ఒకే అంకెకు కట్టుబడకుండా, మనిషినిబట్టి 6.5 నుంచి 8 లోపు ఎంచుకోమంటున్నది ఈ రెంటి మధ్య నలిగిన తర్వాతే.

జబ్బు ముదిరాక షుగరు అంకె కూడా మోసం చేస్తుంది. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి పంపించే పనిలో కిడ్నీకీ వాటా ఉంది. అది మందగిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది, షుగరు పడిపోతుంది, మందుల డోసు తగ్గించాల్సి వస్తుంది. ‘షుగరు నయమవుతోంది’ అని ఇంట్లోవాళ్ళు సంబరపడే రోజులు కొన్నిసార్లు కిడ్నీ చేతులెత్తేస్తున్న రోజులు.

బీపీ వాదం

బీపీ పక్షం మాట క్లుప్తం: వడపోత ముడి ఒక సన్నని జల్లెడ, లోపల ఒత్తిడి పెరిగితే చిరుగుతుంది. బారీ బ్రెన్నర్ 1980లలో దీన్నొక సిద్ధాంతంగా నిలబెట్టాడు. షుగరున్న కిడ్నీలో ముడిలోకి రక్తం వచ్చే నాళం వెడల్పవుతుంది, బయటికి పోయే నాళం బిగుసుకుంటుంది. మధ్యలో చిక్కిన ముడి ఒత్తిడితో ఉబ్బుతుంది. చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీ మామూలుగా ఉన్నా లోపలి ఒత్తిడి ఎక్కువే ఉండవచ్చు.

డెన్మార్క్ వైద్యులు బీపీ దించితే వడపోత క్షీణత నెమ్మదిస్తుందని 1980ల మొదట్లోనే చూపారు. 1993లో క్యాప్టోప్రిల్ ప్రయోగం 409 మంది టైప్ 1 రోగుల్లో మరణం, డయాలసిస్, కిడ్నీ మార్పిడి కలిపి ముప్పును సగానికి దించింది. 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ టైప్ 2లోనూ పనిచేశాయి. బయటికి పోయే నాళాన్ని వదులు చేసే మందులివి. క్యాప్టోప్రిల్ రకం, లోసార్టాన్ రకం ఒక్కోటీ మంచిదైతే రెండూ కలిపితే ఇంకా మంచిదనుకున్నారు. 2013లో అమెరికా మాజీ సైనికుల్లో రెండు రకాలూ కలిపి ఇచ్చి చూసిన ప్రయోగం, రక్తంలో పొటాషియం పెరిగి, కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినడంతో ఆగిపోయింది.

ఎంత దించాలన్నది ఇక్కడా రగులుతూనే ఉంది. 2021 అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు పైబీపీ 120 లోపు ఉండాలన్నాయి. దానికి ముఖ్యమైన ఆధారం 2015 నాటి స్ప్రింట్ ప్రయోగం. అందులో షుగరున్నవాళ్ళను చేర్చుకోనే లేదు! అమెరికా డయాబెటిస్ సంఘం అప్పట్లో 130/80 దగ్గరే ఆగింది. 2024లో చైనాలో షుగరున్న 12,821 మందిపై జరిగిన ప్రయోగం 120 లోపు దించితే గుండెకు మేలని చెప్పాక తూకం కొంత కిందికి మొగ్గింది. గుండెకు మేలైనది కిడ్నీకీ అంతే మేలా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

వంశం, పుట్టిన నాటి బరువు

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు గిలా నది ఒడ్డున నివసించే పీమా తెగలో షుగరు విపరీతం. 1960ల నుంచి అక్కడ కుటుంబాలకు కుటుంబాలనే పరిశీలిస్తున్నారు. షుగరున్న తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ మూత్రంలో ప్రోటీను లేకపోతే, షుగరున్న పిల్లల్లో 14 శాతం మందికే అది కనిపించింది. ఒకరికి ఉంటే 23 శాతం, ఇద్దరికీ ఉంటే 46 శాతం. వంశబలం ఎంతో ఇంతకంటే తేటగా చూపిన లెక్క అరుదు.

జన్యువును పట్టుకోబోతే మాత్రం చేతికి చిక్కలేదు. టైప్ 1 రోగులు ఇరవై వేల మంది దాకా జన్యువులను జల్లెడ పట్టి 2019లో ఒక బృందం ప్రచురించిన ఫలితాల్లో గట్టిగా నిలిచింది వడపోత పొర అల్లికకు సంబంధించిన ఒక కొల్లాజెన్ జన్యువు. దాని ఒక రూపం కాపాడుతుంది. అంతమాత్రాన వంశమంతా అర్థమైపోలేదు. కుటుంబంలో పంచుకునేది రక్తమొక్కటే కాదు, ఉప్పుజాడీ కూడా.

మరో దారి కడుపులో పెరిగే రోజులకు తీసుకెళుతుంది. వడపోత ముడులు పుట్టకముందే తయారవుతాయి, పుట్టాక కొత్తవి రావు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ముడులు తక్కువ, ఒక్కోదానిపై బరువు ఎక్కువ, అన్నది బ్రెన్నర్ 1988లో వేసిన ఊహ. పీమాల్లో తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకూ, బాగా ఎక్కువ బరువుతో పుట్టినవాళ్ళకూ, ఇద్దరికీ ముప్పు కనపడింది. రెండోవాళ్ళలో తల్లికే షుగరుండటం అందుకు కారణం. తక్కువ బరువు శిశువులు ఎక్కువగా పుట్టే మన దేశం నుంచి వెళ్ళి బ్రిటన్‌లో స్థిరపడినవాళ్ళకు కిడ్నీ జబ్బు ఎక్కువెందుకన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు కావచ్చు. రుజువు చేయడానికి మాత్రం ఒక తరం పట్టే పని.

చిన్న వయసులో వచ్చే టైప్ 2 ఇంకా భయపెడుతోంది. అమెరికాలో కౌమారంలో షుగరొచ్చినవాళ్ళను వెంబడించిన టుడే అధ్యయనం 2021లో చెప్పింది: పదిహేనేళ్ళకు 54.8 శాతం మందికి కిడ్నీ జబ్బు లక్షణాలు. ముప్పై కూడా దాటకముందే.

నీడలు

యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్ళకు కిడ్నీ వేగంగా చెడుతుందని పరిశీలనలు వరసగా చెప్పాయి. అలాగైతే దాన్ని దించితే సరి. 2020లో టైప్ 1 రోగులు 530 మందికి అల్లోప్యూరినాల్ ఇచ్చి చూశారు. యూరిక్ యాసిడ్ చక్కగా దిగింది, వడపోత తగ్గడం తగ్గలేదు.

హోమోసిస్టీన్ కథ ఇంకా చేదు. అది ఎక్కువైతే ముప్పని, బి విటమిన్లతో అది తగ్గుతుందని తెలుసు. కెనడాలో షుగరుతో కిడ్నీ జబ్బున్న 238 మందిపై ప్రయోగం చేసి 2010లో ఫలితం ప్రకటించారు. హోమోసిస్టీన్ తగ్గింది. విటమిన్లు మింగినవాళ్ళ కిడ్నీలు మింగనివాళ్ళకంటే వేగంగా చెడ్డాయి. గుండెపోట్లు, పక్షవాతాలు కూడా పెరిగాయి. బలానికి మంచిదని అడిగి మరీ పెద్ద డోసు బి కాంప్లెక్స్ రాయించుకునే అలవాటున్న చోట ఈ ఫలితం ఇంకొంచెం గట్టిగా వినపడాల్సింది.

జాబితాలో పేరున్నంత మాత్రాన దేన్నీ కారణం అనకూడదని తేల్చింది ఈ రెండు ప్రయోగాలే. దించి చూసినప్పుడు జబ్బు కూడా దిగితేనే అది కారణం. ఆ పరీక్షలో నెగ్గినవి ఇప్పటికి షుగరు, బీపీ. కొలెస్టరాల్ దించితే గుండెకు నిశ్చయంగా మేలు, కిడ్నీ వేగం మాత్రం పెద్దగా మారదు. పొగకు అలాంటి ప్రయోగం పెట్టడం కుదరదు, అయినా సాక్ష్యాలన్నీ ఒకవైపే. మాంసకృత్తుల సంగతి ఎటూ తేలలేదు. కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు చాలన్న సలహా, పప్పన్నం మీద బతికే మనిషికి ఎలాగూ మించదు. ఉప్పు విషయంలో సిద్ధాంతం స్పష్టం, రోజుకు ఐదు గ్రాముల హద్దు ఊరగాయ, అప్పడం, పచ్చడి దగ్గరే దాటిపోతుంది.

మందులు చెప్పిన కొత్త సంగతి

సిద్ధాంతాల పోరు మధ్యలోకి 2015 తర్వాత ఒక మందుల కుటుంబం వచ్చింది. కిడ్నీ వడగట్టిన చక్కెరను వెనక్కి లాక్కునే ద్వారాన్ని మూసేసి, దాన్ని మూత్రంలోకి వదిలేసే మందులవి. 2019లో 4,401 మందిపై క్రెడెన్స్ ప్రయోగంలో కెనాగ్లిఫ్లోజిన్ ముఖ్యమైన కిడ్నీ ముప్పులను 30 శాతం తగ్గించింది. షుగరుపై దాని ప్రభావం అంతంతే కాబట్టి ఆ మేలు షుగరు దిగడం వల్ల వచ్చింది కాదు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ షుగరు లేని కిడ్నీ రోగులకూ పనిచేయడంతో అనుమానం తీరింది. ముడిలోకి వచ్చే నాళాన్ని బిగించి లోపలి ఒత్తిడిని దించడం వీటి పని. బ్రెన్నర్ ఒత్తిడి సిద్ధాంతానికి ఇంత పెద్ద మద్దతు దానికోసం చేయని ప్రయోగాల నుంచి దొరకడం విశేషం. ఆ తర్వాత వాపును, మచ్చకట్టడాన్ని అడ్డుకునే ఫైనెరినోన్ 2020లో, సెమాగ్లుటైడ్ 2024లో నిలబడి, ఒత్తిడి ఒక్కటే కథ కాదని కూడా చెప్పాయి.

పక్షాలను పక్కపక్కన పెడితే కనిపించేది ఇదీ. జబ్బు మొదలవకుండా ఆపడంలో తొలి ఏళ్ళ షుగరు అదుపు మాటకు బలం. మొదలయ్యాక వేగాన్ని నిర్ణయించేది ఎక్కువగా ఒత్తిడి, అది బయటి బీపీ అయినా లోపలిదైనా. ఎవరికి మొదలవుతుందన్న దగ్గర వంశం, పుట్టుక మాట్లాడతాయి, స్పష్టంగా కాదు. ఒకరు ఇంకొకరిని ఓడించాల్సిన వాదాలు కావివి; ఒకే రోడ్డు మీద వేర్వేరు మైలురాళ్ళు. వాటిలో ఒక్కో పక్షం తన రాయినే ఊరిపేరుగా ప్రకటించుకోవడం వల్ల ఇన్నాళ్ళూ గొడవ.

జాబితాలో లేనివి

చెన్నై నగరంలో జరిగి 2007లో వెలువడిన క్యూర్స్ అధ్యయనంలో షుగరున్నవాళ్ళలో 26.9 శాతం మందికి కొద్దిపాటి అల్బుమిన్, 2.2 శాతం మందికి ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నాయి. కారణాలు పాతవే: షుగరు, ఎన్నేళ్ళుగా ఉంది, బీపీ, పొగ. తెలుగు జిల్లాల్లో వీటికి తోడయ్యేవి మరికొన్ని ఉన్నాయి, విదేశీ పట్టికల్లో వాటికి గడి దొరకదు.

మొదటిది నొప్పి మాత్ర. మోకాళ్ళ నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ సూది, మందుల షాపులో చీటీ లేకుండా దొరికే బిళ్ళ. ఇవి ముడిలోకి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తాయి. బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర వేసుకుంటున్న మనిషి ఎండాకాలం పొలం పనిలో చెమటోడ్చి, పైన ఈ బిళ్ళ వేసుకుంటే కిడ్నీకి రక్తం అందే దారులన్నీ ఒక్కసారిగా మూసుకున్నట్టే.

రెండోది దీనికి విలోమం: మాత్రల భయం. ‘ఇంగ్లీషు మందులు వేడి, షుగరు బిళ్ళలే కిడ్నీని తినేస్తాయి’ అన్న నమ్మకం ఊరూరా ఉంది. మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెడగొట్టదు; చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు కాబట్టి వడపోత అంకె (ఈజీఎఫ్ఆర్) 45 కిందికి వస్తే డోసు తగ్గిస్తారు, 30 కిందికి వస్తే ఆపేస్తారు. ఆపడం చూసినవాళ్ళు అదే కారణమనుకుంటారు. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసే పొరపాటు పరిశోధకులకే కాదు, వీధి అరుగుకూ ఉంది. భయపడి బిళ్ళ మానేసి పసరు మందుకో భస్మానికో వెళితే, అందులో ఏముందో ఎవరూ కొలవరు. 2004లో బోస్టన్ దుకాణాల్లో అమ్ముతున్న దక్షిణాసియా ఆయుర్వేద మందులు 70 తీసుకుని చూస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటైనా దొరికింది.

మూడోది, తనిఖీ చేయని మూత్రం. టైప్ 2 తెలిసిన రోజే, తర్వాత ఏడాదికోసారి అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూడాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బాగా శ్రమ ఉన్నప్పుడు అది తప్పు చూపుతుంది కాబట్టి మళ్ళీ చూడాలి. నడుస్తున్నది మాత్రం క్రియాటినిన్ ఒక్కటే చూసి ‘నార్మల్’ అనడం. సగం వడపోత పోయేదాకా ఆ అంకె నోరు మెదపకపోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా జవాబు దొరకని చోటు ఒకటుంది. కొలంబియా విశ్వవిద్యాలయం వైద్యులు 2011లో షుగరున్న 620 మంది కిడ్నీ ముక్కలను పరీక్షించారు. షుగరు దెబ్బ ఒక్కటే ఉన్నవి 37 శాతం. పూర్తిగా వేరే జబ్బే ఉన్నవి 36 శాతం. మిగతావాటిలో రెండూ ఉన్నాయి. బయాప్సీ దాకా వచ్చేవి అనుమానాస్పద కేసులే కాబట్టి ఈ అంకె అందరికీ వర్తించదు, నిజమే.

కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ అనుమానం రోజువారీ వ్యవహారం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు లేకుండానే, బీపీ లేకుండానే, మూత్రంలో పెద్దగా ప్రోటీను పోకుండానే కిడ్నీలు కుంచించుకుపోతున్నాయి. నీళ్ళలో సిలికా, పురుగుమందులు, భారలోహాలు, ఎండదెబ్బ, జన్యువులు అన్నింటినీ అనుమానించారు, దేని మీదా నేరం రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి మొదలైంది. ఇప్పుడు ఆ మండలాలకే షుగరు కూడా చేరుకుంది. కొబ్బరితోటలో పనిచేసే మనిషికి ఐదేళ్ళుగా షుగరు, కంటి పొర శుభ్రం, మూత్రంలో అల్బుమిన్ లేదు, క్రియాటినిన్ మూడు. అతని కేసు షీటులో కారణం అన్నచోట ఏం రాయాలి? షుగరని రాస్తే ఉద్దానం లెక్క ఒకటి తగ్గుతుంది, ఉద్దానమని రాస్తే షుగరు లెక్క ఒకటి తగ్గుతుంది. తొలి వ్యాసం వచ్చి తొంభై ఏళ్ళు కావస్తున్నా ఆ గడి ఖాళీగానే ఉంది.